పిల్లికి బిచ్చం

మనవాళ్ళు ఎవరినైనా పిసినారి అనాలనుకుంటే "వాడు పిల్లికి కూడా బిచ్చం పెట్టడమ్మా" అంటారు. చిన్నప్పటినుంచీ ఈ మాట వింటూనే వున్నాను గానీ ఇందులోకి పిల్లి ఎందుకొచ్చిందో ఏనాడూ ఆలోచించలేదు. కుక్క వుండగా, కాకి వుండగా, పిల్లినే ఎందుకన్నారూ? గుమ్మంలోకి వచ్చి అడిగేవాటిలో అన్నిటికంటే తక్కువతో సరిపెట్టుకునేది అదేనని కాబోలు. దానికే పెట్టనివాడు ఇంకెవరికి పెడతాడని అర్థం. ఆ లెక్కన మొన్న వేసవి చివర్లో ఒక సాయంత్రం నేనూ ఆ పిసినార్ల వరసలో చేరిపోయాను. ఆ సంగతే చెబుతాను.

మాది హనుమాన్ జంక్షన్. విజయవాడ నుంచి ఏలూరు వెళ్ళే పెద్ద రోడ్డూ, నూజివీడు నుంచి గుడివాడ వెళ్ళే రోడ్డూ ఇక్కడ కలుసుకుంటాయి. కూడలిలో ఆంజనేయస్వామి గుడి. మా వూళ్ళో బస్సు దిగేవాళ్ళలో సగంమంది మా వూరికి రారు. ఒక బస్సు దిగి ఇంకో బస్సు ఎక్కడానికి వస్తారు. అందుకని ఇక్కడ ఏవేళ చూసినా ఎవరో ఒకరు పెట్టె పక్కన పెట్టుకుని ఎదురుచూస్తూనే వుంటారు. మాకు అలవాటైపోయి వాళ్ళకేసి చూడం కూడా చూడం.

ఆ సాయంత్రం కూరలు కొనుక్కుని వస్తున్నాను. పళ్ళబండి పక్కన మామిడిపళ్ళ అట్టపెట్టె ఒకటి, దాని చుట్టూ అయిదారుగురు జనం. తొంగి చూద్దును గదా, నాలుగు పిల్లిపిల్లలు. రెండు చారలవి, ఒకటి గోధుమరంగుది, ఒకటి నల్లది. ఒక్కొక్కటీ నా గుప్పెడు లేదు గానీ గొంతులు మటుకు బస్సు హారన్లతో పోటీపడుతున్నాయి. ఎవరో పెంచుకోలేక, చంపుకోలేక, నలుగురూ తిరిగేచోట వదిలేసి వెళ్ళారన్నమాట. ఎవరైనా తీసుకుపోకపోతారా అని.

అందరం "అయ్యో పాపం" అన్నాం. ఒక కాలేజీ పిల్ల ఫోనులో ఫొటో తీసింది. ఎవరో పెద్దావిడ "ఏ మహాతల్లి వదిలేసిందో, కళ్ళు పోతాయి" అని శాపం పెట్టింది. నేను మూడు నాలుగుసార్లు నాలుక చప్పరించాను. అంతలో భుజాన తువ్వాలేసుకున్న ఒక ముసలాయన వంగి ఆ పెట్టెని ఎండలోంచి నీడలోకి జరిపి, మాట్లాడకుండా తన గుడివాడ బస్సు ఎక్కి వెళ్ళిపోయాడు. ఆలోచిస్తే అక్కడున్న మా అందరిలోకీ వాటికి ఏదైనా చేసినవాడు ఆయనొక్కడే. మేమంతా జాలిపడ్డాం, అంతే.

ఇంటికొచ్చి వంట చేశాను. రాత్రికి ఉరుములు మొదలై వాన అందుకుంది. నాకు ముద్ద దిగడం మానేసింది. ఉండబట్టలేక మావారితో చెప్పాను. ఆయన విస్తుపోయి, "ఊళ్ళో పిల్లులన్నిటికీ నువ్వే తల్లివా ఏమిటి? ఇవాళ నాలుగు తెస్తే రేపు పది తయారవుతాయి. అయినా ఈ రోజుల్లో పిల్లి దేనికి పనికొస్తుందే?" అన్నారు.

గోడకి చేరగిలబడి మజ్జిగన్నం తింటున్న మా అత్తగారు తల ఎత్తలేదు. "పనికొస్తేనే అన్నం పెడతారుట్రా?" అంది.

ఆవిడకి ఎనభై దాటాయి. మూడేళ్ళ కిందట తుంటి ఎముక విరిగిన దగ్గర్నుంచీ ఈనాటి వరకూ ఒక్క చెంబు కూడా అక్కడిది ఇక్కడ పెట్టలేదు. ఆ మాట పిల్లుల గురించే అందో, ఇంకెవరి గురించి అందో ఆవిడకే తెలియాలి. మావారు మాత్రం చెయ్యి కడుక్కుని గొడుగు వెతుక్కున్నారు.

ఇద్దరం వెళ్ళేసరికి అట్టపెట్టె నాని చదునైపోయింది. మూసిన కొట్టు అరుగు కింద మూడు పిల్లలు ఒకదాన్నొకటి కరుచుకుని వున్నాయి. నాలుగోది, గోధుమరంగుది, లేదు. టార్చి వేసి అరగంట వెతికాం. ఎవరైనా తీసుకుపోయారో, రోడ్డుమీదికే వెళ్ళిందో తెలియలేదు. నేను "అయ్యో" అనడానికీ, చెయ్యి చాపడానికీ మధ్య మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలకీ ఖరీదు ఆ నాలుగోది.

జాలి మంచి గుణమే అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. ఇప్పుడు కాస్త అనుమానంగా వుంది. మనం అయ్యో అనుకున్నాక మన మనసు తేలికపడుతుంది గానీ అట్టపెట్టెలో వున్నవాటికి ఏం తేలికపడుతుంది చెప్పండి? ఒక్కొక్కసారి ఆ తేలికపాటే మనల్ని చల్లగా ఇంటికి తీసుకొచ్చేస్తుంది.

మావారన్న మాట కూడా కొట్టిపారేసేది కాదు. పిల్లి దేనికి పనికొస్తుంది? ఒకప్పుడు పనికొచ్చేది. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట కట్టాక ఈ డెల్టా అంతా వరిచేలయింది. వరి పండినచోట పురులూ గాదెలూ, గాదెలున్నచోట ఎలుకలూ, ఎలుకలున్నచోట పిల్లులూ. మా అత్తగారి పుట్టింట్లో గాదె కింద పిల్లి ఈనితే వాళ్ళమ్మ పాతచీర మడతపెట్టి వేసేదట. ప్రపంచంలో అన్నిచోట్లా కథ ఇదేనంటారు. కుక్కనీ ఆవునీ లాగ పిల్లిని మనిషి కట్టేసి మచ్చిక చేసుకోలేదు. మనిషి గింజలు దాచుకోవడం నేర్చుకున్నాక ఎలుకలు వచ్చాయి, వాటి వెనకాలే అది తనంతట తను నడిచి వచ్చింది. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ళ నాటి సమాధి ఒకటి బయటపడితే అందులో మనిషి పక్కనే పూడ్చిపెట్టిన పిల్లి వుందని 2004లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అంత పాత చుట్టరికం!

ఇప్పుడో? ధాన్యం కళ్ళంలోంచే మిల్లుకి పోతోంది. బియ్యం 25 కిలోల సంచిలో ఇంటికి వస్తున్నాయి. ఎలుక కనబడితే మందో, జిగురట్టో తెస్తున్నాం. గాదె పోయింది, పిల్లి ఉద్యోగమూ పోయింది. పింఛను లేదు సరికదా, గుమ్మంలోకి వస్తే చీపురు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే కాదూ? పని చేసినన్నాళ్ళూ అన్నం పెట్టడం దయ కాదు, జీతం. దయ అనేది ఏదైనా వుంటే అది పని అయిపోయాకే మొదలవాలి. ఇది పిల్లులకే వర్తిస్తుందా అంటే, ఇంట్లో వయసు మీదపడిన పెద్దవాళ్ళున్న ప్రతి ఇల్లాలికీ జవాబు తెలుసు.

ఇలా చెబుతున్నానని నేనేదో ముందునుంచీ ధర్మాత్మురాలిని అనుకునేరు. కాపురానికొచ్చిన కొత్తలో మా అటకమీద ఒక పిల్లి మూడు పిల్లల్ని పెట్టింది. అప్పుడే ఉతికి పెట్టిన పరుపుగలేబు పాడుచేసిందని కోపమొచ్చి, వాటిని గోనెసంచిలో వేయించి కాలువ అవతల వదిలిపెట్టించినది నేనే. పిల్లిని చంపిన పాపం గుడి కట్టినా పోదంటారు గదా, నేను చంపలేదుగా! వదిలిపెట్టించాను, అంతే. మన సామెతలో పెద్దలు చూసుకోకుండా వదిలేసిన ఒక సందు వుంది. అందులోంచి మనమంతా దూరి బయటికొచ్చేస్తున్నాం. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. ఆ తల్లి మూడు రోజులపాటు మా వీధిలో ఏడిళ్ళూ తిరిగి అరిచింది. పిల్లలు పుట్టాక గానీ నాకు ఆ అరుపు అర్థం కాలేదు.

సామెత వదిలేసిన సందుని చట్టం వదల్లేదు. నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ 1952లో రాజ్యసభకి నామినేట్ అయ్యాక మూగజీవాల కోసం సభలో పట్టుబట్టింది. ఆ పట్టుదల ఫలితంగానే 1960లో జంతుహింస నిరోధక చట్టం వచ్చింది. ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో ఏ జంతువునైనా సరైన కారణం లేకుండా వదిలేయడం ఆ చట్టం ప్రకారం నేరమే. 1962లో ఏర్పడ్డ జంతు సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలు కూడా ఆవిడే. ప్రాణులపట్ల దయ కలిగి వుండడం పౌరుడి బాధ్యత అని 1976లో మన రాజ్యాంగంలోనే రాసుకున్నాం. నేను గోనెసంచి మూతి కట్టించిననాటికి ఇవన్నీ వున్నాయి. తెలియకపోవడం నా తప్పు.

పెద్దల మాటల్లో నాకు నచ్చినది ఇంకోటి వుంది. వైష్ణవులు దేవుడికీ భక్తుడికీ వున్న సంబంధాన్ని రెండు న్యాయాలతో చెబుతారు. మర్కట కిశోర న్యాయం ఒకటి. కోతిపిల్ల తనే తల్లి పొట్టని గట్టిగా పట్టుకోవాలి, పట్టు వదిలితే పడిపోతుంది. రెండోది మార్జాల కిశోర న్యాయం. పిల్లిపిల్ల ఏమీ పట్టుకోదు, కూర్చుని అరుస్తుంది, తల్లే వచ్చి నోట కరుచుకుపోతుంది. మాది ఆంజనేయస్వామి కొలువున్న వూరు గనక మొదటి న్యాయమే బాగా తెలుసు. కష్టపడ్డవాడికే ఫలం అంటాం, పట్టుకున్నవాడిదే కొమ్మ అంటాం. కానీ ఆయన గుడికి కూతవేటు దూరంలో ఆ రాత్రి రెండో న్యాయం అరుగు కింద తడుస్తూ వుంది. వాటి అర్హత అల్లా అరవడమే. తల్లి లేదు. మరి నోట కరుచుకుపోయేది ఎవరు?

ఇంత తెలిసినదానివి అంతకుముందు ఎప్పుడైనా ఒకదాన్ని తెచ్చుకున్నావా అంటే, లేదు. నిరుడు హైదరాబాదులో మా అమ్మాయి దగ్గరకి వెళ్ళినప్పుడు తను నన్ను దిక్కులేని జంతువులకి ఆశ్రయమిచ్చే ఒకచోటికి తీసుకెళ్ళింది. వలతలుపుల వెనక పాతిక ముప్ఫై పిల్లులు. చిన్నపిల్లల గది దగ్గర మాత్రం జనం. పెద్దవాటి గది దగ్గర ఎవరూ లేరు. అందులో ఒక పసుపుపచ్చ పిల్లి, ఎవరి అడుగుల చప్పుడైనా సరే, లేచి వలదాకా వచ్చి నిలబడేది. వాళ్ళు పక్క గదిలోకి వెళ్ళగానే మళ్ళీ తన మూలకి వెళ్ళి కూర్చునేది. పెంచినాయన పోతే వాళ్ళవాళ్ళు తెచ్చి వదిలేశారని అక్కడి అమ్మాయి చెప్పింది. నేను వున్న గంటలో అలా ఏడుసార్లు లేచింది, ఏడుసార్లు కూర్చుంది. పెళ్ళిచూపుల్లో కూర్చున్న మనవాళ్ళకి ఆ లేవడం, కూర్చోవడం వేరే చెప్పక్కర్లేదు.

మా అమ్మాయి "ఒకదాన్ని తీసుకెళ్ళమ్మా" అంది. నేను కళ్ళు తుడుచుకుని "ఒకదాన్ని ఎంచుకుంటే మిగిలినవాటికి అన్యాయం చేసినట్టు గదే, నా వల్ల కాదు" అన్నాను. ఆ మాట నాకే ఎంతో గొప్పగా వినిపించింది. వట్టి చేతులతో రైలెక్కాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాటలో వున్నది న్యాయం కాదు. అందరికీ పెట్టలేను గనక ఎవరికీ పెట్టను అనేవాడిని మనం ఏమంటాం? అదిగో, ఆ మాటే నాకూ వర్తిస్తుంది. ముప్ఫైలో ఒకటి తగ్గితే ఇరవైతొమ్మిదే మిగులుతాయి, నిజమే. కానీ ఆ ఒక్కదానికి మాత్రం లెక్క పూర్తిగా తీరిపోతుంది. పైగా ఆ ఖాళీలోకి బయట వానలో వున్న ఇంకోటి వస్తుంది.

సరే, తెచ్చిన మూడింటి సంగతి. జాలిలో వున్న పొరపాట్లన్నీ వరసగా చేశాను. రాగానే గిన్నెడు ఆవుపాలు పోశాను. తెల్లారేసరికి మూడింటికీ విరేచనాలు. పశువుల డాక్టరు చీవాట్లు పెట్టాడు. పిల్లికి పాలు ప్రాణమని మనం కథల్లో నేర్చుకున్నాం గానీ తల్లిపాలు తప్ప మిగిలినవి చాలా పిల్లులకి అరగవట. తెనాలి రామకృష్ణుడు కాగే పాలు పెట్టి పిల్లి మూతి కాల్పించిన కథ చెప్పుకుని తరతరాలుగా నవ్వుకున్నాం. నాకైతే ఈమధ్య ఆ కథలో మూతి కాలిన పిల్లే గుర్తొస్తోంది.

పెరుగన్నం పెట్టి పెంచుతానన్నా డాక్టరు ఒప్పుకోలేదు. పిల్లికి మాంసాహారం తప్పదట. అందులో దొరికే టారిన్ అనే పదార్థం లేకపోతే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. గాదెకింద పిల్లి పెరుగన్నంతో బతికిందనుకోవడం మన భ్రమ. దాని అసలు భోజనం ఎలుకలే, పెరుగన్నం పైకూర లాంటిది. మా అత్తగారు నీచు ముట్టదు. అయినా వీధి అరుగుమీద ఉడికించిన గుడ్డూ, వాటికని అమ్మే మేతా పెట్టడానికి ఒప్పుకుంది. "నా కంచంలో పెట్టకు, దాని కంచంలో దానిది పెట్టు" అంది. ఇంతకంటే పెద్ద వేదాంతం నాకు ఇంకెవరూ చెప్పలేదు.

మీ వీధిలో ఎక్కడైనా పిల్లిపిల్లలు కనబడితే నాలాగా మూడు గంటలు ఆలోచించకండి, అలాగని వెంటనే ఎత్తుకూ రాకండి. పెట్టెలో పెట్టి వదిలేసినవి వేరు. గోడ పక్కనో, కట్టెలమోపు వెనకో వున్నవైతే తల్లి తిండికి వెళ్ళివుంటుంది. దూరంగా వుండి కొన్ని గంటలు కనిపెట్టండి. తల్లి వస్తే దాని ముందు తిండీ నీళ్ళూ పెట్టండి చాలు. రాకపోతే, కళ్ళు తెరవని పసికూనలైతే ముందు కావలసింది తిండి కాదు, వెచ్చదనం. వేడినీళ్ళ సీసాకి గుడ్డచుట్టి పక్కన పెట్టి, డాక్టరు చెప్పిన పిల్లిపాల పొడితో రెండు మూడు గంటలకోసారి పట్టాలి. బిడ్డల్ని పెంచినవాళ్ళకి ఇది కొత్త విద్య కాదు.

అన్నిటికంటే పెద్ద సాయం మాత్రం ఆపరేషను. ఆడపిల్లి నాలుగైదు నెలలకే చూడి కట్టగలదు. తొమ్మిది వారాలకి ఈనుతుంది, ఏడాదికి రెండు మూడు ఈతలు. మీరు ఎన్ని అట్టపెట్టెలు ఇంటికి తెచ్చినా ఆ లెక్కని అందుకోలేరు. అయిదో నెల దాటకుండా కుటుంబ నియంత్రణ ఆపరేషను చేయిస్తే ఆ ఒక్క పిల్లితో ఎన్నో అట్టపెట్టెలు ఆగిపోతాయి. ఇంటి పిల్లికే కాదు, వీధిలో తిరిగేదానికి నలుగురిళ్ళవాళ్ళు చందా వేసుకుని చేయించినా పుణ్యమే. టీకాలు వేయించాలి. గీరినా కరిచినా సబ్బుతో, ధారగా పడే నీటికింద పావుగంట కడిగి, ఆస్పత్రికి వెళ్ళి సూది వేయించుకోవాలి. దయ వున్నంతమాత్రాన జాగ్రత్త అక్కర్లేదని కాదు గదా.

పెంచుకునే వీలు లేనివాళ్ళు నాలుగు వారాలు ఇంట్లో వుంచి సాకి, మంచి ఇల్లు చూసి ఇవ్వచ్చు. అదీ కుదరకపోతే పాతచీరలూ, దుప్పట్లూ, దినపత్రికలూ ఆశ్రయాలకి పంపచ్చు. మద్రాసులో 1959లో పుట్టిన బ్లూక్రాస్, హైదరాబాదులో అమల అక్కినేని 1992లో మొదలుపెట్టిన బ్లూక్రాస్, విశాఖలో 1996లో ప్రారంభమైన జంతుసంరక్షణ సంఘం, ఇవన్నీ అలా నలుగురూ కలిసి నిలబెట్టినవే. ఇక అక్కడికి పెంచుకుందామని వెళ్ళేవాళ్ళకి నాదొక మనవి. చిన్నపిల్లల గది దాటి ఒక్క అడుగు వేయండి. పెద్దపిల్లి గుణం ముందే తెలిసిపోతుంది, పరుపులు చింపే వయసూ దాటివుంటుంది. అది మీకోసం లేచి నిలబడుతుంది కూడానూ.

మా మూడింటికీ ఇళ్ళు చూడడం పెళ్ళిసంబంధాలు చూసినంత పనైంది. చారలదాన్ని కిరాణాకొట్టాయన బియ్యంబస్తాల కాపలాకని తీసుకున్నాడు. పాత ఉద్యోగమే మళ్ళీ దొరికిందన్నమాట! "కాపలా చాతకాని రోజున కూడా దానికి అన్నం పెట్టాలి సుమండీ" అని మాట తీసుకుని మరీ ఇచ్చాను. రెండో చారలది నూజివీడు రోడ్డులో ఒక టీచరమ్మ ఇంటికి చేరింది. నల్లదాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నల్లది, పైగా ఆడది, ఎదురొస్తే పని చెడుతుంది అన్నారు. మా గుమ్మంలోంచి రోజూ దాన్ని దాటుకుంటూనే మావారు ఆఫీసుకి వెళుతున్నారు. ఇంతవరకూ ఏ పనీ చెడలేదు. దానికి మొన్ననే ఆపరేషను అయింది. అత్తగారి మంచం కింద పడుకుంటుంది. ఇద్దరూ ఏ పనీ చెయ్యరు, ఇద్దరికీ వేళకి అన్నం అందకపోతే ఒప్పుకోరు.

కూరలకి వెళ్ళినప్పుడల్లా ఆ అరుగు కిందికి ఒకసారి వంగి చూడడం నాకు అలవాటైపోయింది. మొన్న మా వీధావిడ చూసి "ఏం పారేసుకున్నారు వదినగారూ?" అని అడిగింది. "ఏం లేదండీ" అని వచ్చేశాను. గోధుమరంగుది. ఈపాటికి పెద్దదయ్యే వుంటుంది, ఎవరింట్లోనైనా.